చించిల్లా దాక్కొని పడుకోడానికి ఏం పెడితే మంచిది? ప్లాస్టిక్ గూడు కొరికేస్తోంది

మిరియం_వాళ్ళమ్మ, మియాపూర్

నమస్తే అండీ అందరికీ. మా ఇంట్లో మిరియం అని ఒక చించిల్లా (ఒత్తు బొచ్చుండే, ఎలుకల జాతి చిన్న జంతువు) ఉంది, ఆడది, ఏడాదిన్నర. మా పిన్ని కూతురు బెంగళూరు నుంచి కెనడా వెళ్ళిపోతూ మా దగ్గర వదిలి వెళ్ళింది, వచ్చి మూడు నెలలు కావస్తోంది. నాకు ముందు దీని గురించి ఏమీ తెలీదు, ఇప్పుడిప్పుడే చదువుకుంటూ నేర్చుకుంటున్నా.

విషయం ఏంటంటే దాంతోపాటు ఒక నీలం రంగు ప్లాస్టిక్ ఇగ్లూ వచ్చింది, పగలంతా అందులోనే పడుకునేది. పోయిన ఆదివారం కేజ్ ట్రే కడుగుతుంటే పెంటికల మధ్యలో ఆవగింజంత నీలం ముక్కలు కనిపించాయి. ఏంటా అని ఇగ్లూ తిప్పి చూస్తే గుమ్మం అంచు చుట్టూ రంపం పళ్ళలా కొరికేసి ఉంది, ఒక చోట బొటనవేలంత ముక్కే లేదు. భయమేసి ఆ రాత్రే తీసేశా.

అప్పట్నుంచి ఇంకో సమస్య మొదలైంది. పగలు పడుకోవట్లేదు. గడ్డి పెట్టే స్టాండ్ వెనక మూలకి ముఖం పెట్టుకొని కూర్చుంటోంది, హాల్లో ఎవరు నడిచినా ఉలిక్కిపడుతోంది, కుక్కర్ విజిల్ వేస్తే కేజ్ అంతా ఎగిరి గంతులేస్తోంది, నిన్నయితే డస్ట్ బాత్ గిన్నెలోకి (ఒళ్ళు శుభ్రం చేసుకోడానికి పొర్లే మెత్తటి మట్టి గిన్నె) దూరి ఆ మట్టిలోనే ముడుచుకొని కూర్చుంది పాపం. ఖాళీ షూ బాక్స్ పెట్టి చూశా, తెల్లారేసరికి సగం లేదు. రంగు అట్ట కదా, అది కూడా తీసేశా.

మా ఆయనేమో కొన్నాళ్ళు దాక్కునే చోటు లేకుండా ఉంచితే మనకే అలవాటు పడుతుంది అంటున్నారు, పెట్ షాపతను కూడా అదే చెప్పాడట. మా అత్తయ్యగారు మాత్రం దాన్ని చూసి "ఇల్లు పీకేసి నడిరోడ్డు మీద కూర్చోబెట్టినట్టుందే తల్లీ" అన్నారు, నాకూ అలాగే అనిపించి రెండు రోజులుగా మనసు బాలేదు.

కేజ్ మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ప్రస్తుతం హాల్లో ఉంది, ఏసీ బెడ్‌రూమ్‌లో మాత్రమే ఉంది. ఎండాకాలం దగ్గర పడుతోంది. గూడు దేంతో చేయించాలి, ఎంత సైజు ఉండాలి, కేజ్‌లో పైన పెట్టాలా కింద పెట్టాలా, హైదరాబాద్‌లో చించిల్లాని పెంచేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.


మల్కాజ్‌గిరి_చెక్కపని

ఇగ్లూ తీసేసి మంచి పని చేశారండీ. చించిల్లా పళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, అది కొరకడం మానదు, ప్లాస్టిక్ ముక్కలు పేగుల్లో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. నాలుగైదు రోజులు పెంటికల మీద కన్నేసి ఉంచండి, మామూలు సైజులో, మామూలు సంఖ్యలో వస్తున్నాయా, గడ్డి తింటోందా చూడండి. తగ్గినా, చిన్నవైపోయినా, తినడం మానేసినా తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఈ రాత్రికి ఒక పని చేయండి. బొమ్మలు, టేపు, పిన్నులు ఏమీ లేని మామూలు గోధుమ రంగు అట్టపెట్టె ఒకటి చూసి దానికి రెండు కంతలు కోసి బోర్లించి పెట్టండి, కేజ్‌కి మూడు వైపులా పాత కాటన్ దుప్పటి కప్పండి, గాలాడేలా ముందువైపు వదిలేయండి. దుప్పటి ఊచల్లోంచి లోపలికి లాక్కోకుండా కాస్త ఎడంగా కట్టండి. అట్ట కొంచెం కొరికినా పర్లేదు, మరీ తినేస్తుంటే తీసేయండి. చెక్క గూడు తయారయ్యేదాకా ఇది చాలు.

ఇక చెక్క గూడు సంగతి. నా దగ్గర రెండు చించిల్లాలు ఉన్నాయి, అయిదేళ్ళలో నాలుగు గూళ్ళు చేశా. బాగా ఆరబెట్టిన పైన్ చెక్క తీసుకోండి, టింబర్ డిపోలో అడిగేటప్పుడు కిల్న్‌లో (చెక్క ఆరబెట్టే వేడి గదిలో) ఆరినదేనా అని తప్పకుండా అడగండి, బంక కారే పచ్చి పైన్ వద్దు. ఘాటు వాసనుండే దేవదారు వద్దు. కార్పెంటర్లు వెంటనే ప్లైవుడ్డో ఎండీఎఫ్పో అంటారు, అవి రెండూ వద్దే వద్దు, ప్లైవుడ్ పొరల మధ్య, ఎండీఎఫ్ చెక్కపొడిలో గమ్ము ఉంటుంది, కొరికిందంటే ఆ గమ్ము పొట్టలోకే. వార్నిష్, పాలిష్, పెయింట్ ఏదీ వేయించొద్దు. పని అయ్యాక అలవాటు కొద్దీ ఒక కోటు వేసేస్తారు, పక్కన నిలబడి వద్దని చెప్పాలి, నా మొదటి గూడు అలాగే పాడైంది.

ప్యాకింగ్ ప్యాలెట్ల చెక్క చవగ్గా దొరుకుతుంది, అది కూడా ఎక్కువగా పైన్ చెక్కే. కానీ దాని మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది, అది చూడకుండా కొనకండి. ఆ ముద్రలో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసిందని, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే పొగమందు పట్టించిందని అర్థం. ఎంబీ ఉన్నది ముట్టుకోవద్దు. ముద్ర లేనిదీ వద్దు, నూనె మరకలో రంగు మరకలో ఉన్నదీ వద్దు. నిజం చెప్పాలంటే మొదటిసారి కదా, డిపోలో కొత్త చెక్కే కొనుక్కోండి, ఒక గూటికి పట్టేది ఎంతని.

లోపలి కొలత పన్నెండు అంగుళాల పొడవు, తొమ్మిది పది అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తు చాలు. మరీ పెద్దది చేయించొద్దు, ఒళ్ళు గోడకి ఆనుకుంటేనే దానికి ధైర్యం. అలాగని తిరగడానికి చోటు లేకుండానూ ఉండొద్దు. చెక్క ముప్పావు అంగుళం మందం ఉండాలి, పల్చటిదైతే రెండు నెలల్లో నమిలేస్తుంది. గుమ్మం అయిదంగుళాలు. రెండు గుమ్మాలు పెట్టించండి, ఎదురెదురుగా కాకుండా ఒకటి ముందు ఒకటి పక్కన. ఒక్కటే జంతువున్నా రెండు ఉంటేనే మేలు, భయపడి లోపలికి దూరినప్పుడు ఇంకో దారి ఉందని తెలిస్తే అది కుదురుగా ఉంటుంది. నా రెండింట్లో ఆడదే పెత్తనం చేస్తుంది, ఒకే గుమ్మం ఉన్నప్పుడు అడ్డంగా కూర్చొని మగదాన్ని లోపలే బంధించేసేది. అందుకే ఇప్పుడు తలా ఒక గూడు, రెండూ కలిసి పడుకోడానికి ఇంకోటి.

పైకప్పు చదునుగా ఉండాలి, ఎక్కి కూర్చుంటుంది. అడుగు చెక్క వద్దు, ఉచ్చ పోస్తే నాని వాసన పట్టేస్తుంది, అడుగు లేకపోతే ఎత్తి తుడుచుకోవచ్చు. ఫెవికాల్ వేయనివ్వద్దు, స్క్రూలతో బిగించి వాటి తలలు చెక్కలోకి దిగేలా చేయమనండి. చివర్న అంచులన్నీ సాండ్‌పేపర్‌తో రుద్ది మీ అరచేత్తో నిమిరి చూసుకోండి, ఎక్కడా గుచ్చుకోకూడదు.


నిజాంపేట్_నైట్‌షిఫ్ట్

మీ ఆయన చెప్పింది కొంతవరకు కరెక్టే అనిపిస్తుంది నాకు. మా హ్యామ్‌స్టర్‌కి మొదటి రెండు వారాలు గూడు తీసేశాం, తర్వాత చేతిలోకి వచ్చేసింది. ఎప్పుడూ దాక్కునే ఉంటే మనిషి అలవాటెలా అవుతాడు?


తార్నాక_టీచర్

నైట్‌షిఫ్ట్ గారూ, ఏమీ అనుకోకండి, ఈ సలహా చించిల్లాకి పనికిరాదు, ఎందుకో చెప్తాను.

ఇవి దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల జంతువులు. అడవిలో పగలంతా రాళ్ళ సందుల్లో, పూయా అనే ముళ్ళ మొక్కల మొదళ్ళలో ఉండే తొర్రల్లో పడుకొని సందె వేళ బయటికొస్తాయి. వాటిని తినేవి నక్కలు, గుడ్లగూబలు, డేగలు. అంటే పైనుంచి ఏదైనా వచ్చిందంటే చావొచ్చినట్టే. మనం కేజ్ పైతలుపు తీసి చెయ్యి దించుతాం చూడండి, అది దాని కంటికి డేగ గోళ్ళే. ఆ క్షణంలో దూరడానికి ఒక సందు లేకపోతే అది అలవాటు పడదు, గుండె దడతో బిగుసుకుపోతుంది. కదలకుండా ఉందని మనం మచ్చికైంది అనుకుంటాం. గట్టిగా పట్టుకుంటే పిడికెడు బొచ్చు మన చేతిలో వదిలేసి పారిపోతుంది, శత్రువు నుంచి తప్పించుకోడానికి వాటికి పుట్టుకతో వచ్చిన విద్య అది, అక్కడ మళ్ళీ బొచ్చు రావడానికి నెలలు పడుతుంది.

ఆ బొచ్చు కోసమే మనుషులు వాటిని దాదాపు తుడిచిపెట్టేశారు. చిలీలో ఇల్లపెల్ ఊరి దగ్గర 1983లో వాటి కోసమే లాస్ చించిల్లాస్ అని ఒక నేషనల్ రిజర్వ్ పెట్టాల్సి వచ్చింది, ఇప్పటికీ అవి అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల లిస్టులోనే ఉన్నాయి. అంత వేట తప్పించుకొని మిగిలిన వాటి బిడ్డలివి, వాటికి సందు అనేది తిండితో సమానం.

నా అనుభవం కూడా అదే. గూడు ఉన్న చించిల్లానే ఎక్కువ బయటికొస్తుంది. వెనక్కి పరిగెత్తడానికి చోటుందని తెలిసింది కాబట్టి ముందుకి నాలుగడుగులు వేస్తుంది.

ఇప్పుడు మిరియం వాళ్ళమ్మగారికి. అమ్మా, మీరు ఎండాకాలం అన్నారు కాబట్టి ఇది రాయక తప్పదు, రాయడం నాకు కష్టంగా ఉన్నా రాస్తున్నా. నా దగ్గర బబ్లూ అని ఒకటుండేది, ఆరేళ్ళు పెంచా. మంచి చెక్క గూడు, మీకు పైన చెప్పినట్టే పైన్ చెక్కదే, లోపల మెత్తగా ఫ్లీస్ గుడ్డ వేసి కేజ్‌లో పై అరలో పెట్టా. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం నేను స్కూల్లో ఉండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కానీ దాని మీద ఫ్యాన్లే తిరుగుతాయి, ఏసీ నడవదు. నేను మూడున్నరకి వచ్చేసరికి గదిలో మరీ అంత వేడి అనిపించలేదు నాకు. వాడు గూట్లోనే ఉన్నాడు, పడుకున్నాడనుకున్నా. చెయ్యి లోపల పెడితే ఆ గూడు లోపల అప్పుడే రొట్టెలు కాల్చి దించిన పెనం పక్కన చెయ్యి పెట్టినట్టుంది. పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు, చెవులు ఎర్రగా కందిపోయి నరాలు తేలి కనిపించాయి, మూతి దగ్గర బొచ్చు చొంగతో తడిసి ఉంది. డాక్టర్ దగ్గరికి చేరేలోపే పోయాడు.

భయమేసినా, ఒంట్లో బాలేకపోయినా అవి గూట్లోకే వెళ్తాయి, బయట చల్లగా ఉందని బయటికొచ్చి పడుకోవు. అందుకే హైదరాబాద్‌లో గూడు అంటే దాక్కునే చోటే కాదు, ఇంట్లో అన్నిటికంటే చల్లటి చోటు కూడా అదే అవ్వాలి. ఒక్కో వెంట్రుక కుదురు నుంచి యాభైకి పైగా వెంట్రుకలు మొలుస్తాయి వాటికి, మన కుక్కల్లా నాలుక చాపి ఒళ్ళు చల్లార్చుకోలేవు, చెమటా పట్టదు. గది 25 డిగ్రీలు దాటిందంటే జాగ్రత్త పడాలి, 27 దాటితే ప్రమాదమే. మన దగ్గర మే నెలలో బయట 42 దాకా పోతుంది.

కాబట్టి కేజ్ బెడ్‌రూమ్‌లోకి మార్చేయండి, మార్చి మొదటి వారం నుంచే. గూడు కేజ్ అడుగున పెట్టండి, చల్లగాలి కిందకే దిగుతుంది. ఎండ పడే కిటికీకి దూరంగా, ఏసీ గాలి నేరుగా కొట్టకుండా. గూడు కింద గ్రానైట్ బండ వేయండి, గ్రానైట్ షాపుల్లో వంటింటి సింక్ కోసం కోసిన ముక్కలు పడుంటాయి, అడిగితే అంచులు నున్నగా రుద్ది ఇస్తారు. రెండు తెచ్చుకోండి, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి గూట్లో. వేసవిలో గూట్లో ఫ్లీస్ వద్దు. మామూలు రోజుల్లో కూడా చూసుకొని వేయండి, అంచు దారాలు లేస్తే కాలివేళ్ళకి చుట్టుకుంటాయి.

వైరు ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొని దాని మొన గూటి పైకప్పుకి దగ్గరగా, వైరు పళ్ళకి అందకుండా పెట్టండి. గోడకి తగిలించిన థర్మామీటర్ గది సంగతి చెప్తుంది, గూటి సంగతి చెప్పదు. నాకు ఆరోజు అది ఉండుంటే.

ఇంకో మాట, ఏసీకి బదులు కూలర్ పెడదామనుకోవద్దు. కూలర్ నీటి తేమ గాలిలో కలుపుతుంది, ఆ ఒత్తు బొచ్చులో తేమ ఆరక ఫంగస్ వస్తుంది. తేమ 50 శాతం లోపు ఉంటే మంచిది.


కార్వాన్_మట్టికుండ

టీచరమ్మ చెప్పింది చదివి మనసు కలుక్కుమన్నది. ఓపిక తోని రాసిన్రు, థ్యాంక్స్ అమ్మా.

మిరియం అక్కా, నేనైతే చెక్కది ఒకటి, మట్టిది ఒకటి రెండు పెట్టిన. మాది మగది, ఎండాకాలం వస్తే చెక్క గూడు దిక్కు చూడదు, రంజన్‌ల నుంచి బయటకే రాదు. ఎండలు మొదలైనప్పుడు రోడ్డు పక్కల కుండలు అమ్ముతరు కదా, అక్కడ నిలబడి మూతి చెయ్యి పట్టేంత పెద్దది ఏరుకున్న, అయిదంగుళాల కన్న తక్కువ ఉంటే తీసుకోకున్రి, ఇరుకుతది. పైన జాజు పూసినయి, రంగులు, ముగ్గులు వేసినయి వద్దు, ఉత్త మట్టిది కావాలె. మూతి అంచు నేను తడిపి గరుకు రాయి మీద గంటసేపు నూరిన. పక్కకు పండబెట్టి అటు ఇటు రెండు ఇటుకలు పెట్టాలె, లేకుంటే అది పైకి దుంకినప్పుడు దొర్లుతది. పగులు వస్తే ఆరోజే మార్చేయాలె, పెంకులు కోసుకుంటయి.

కుండ చల్లగుండాలె అని నీళ్ళతోని తడిపి మాత్రం పెట్టకున్రి. నేను ఫస్ట్ గదే చేసిన, రెండు రోజులల్ల బొచ్చు అట్టలు కట్టినట్టయింది. పొడి కుండనే చల్లగుంటది. ఇంట్ల షాబాద్ బండ ఉన్నోళ్ళు దాని మీదనే పెడితే ఇంక మంచిగుంటది.

కరెంటు పోయినప్పుడు నేను చేసేది చెప్త. రెండు స్టీలు డబ్బలల్ల నీళ్ళు పోసి ఎప్పటికీ డీప్ ఫ్రిజ్‌ల ఉంచుత. కరెంటు పోంగనే బట్ట చుట్టి కేజ్ మీద పెడుత, సల్లగాలి కిందికి దిగుతది. గంట దాటితే ఏసీ నడిచే చుట్టాలింటికి కుండతోనే ఎత్తుకపోత. వాని గూడు వాని తోని ఉంటే కొత్త ఇంట్ల గూడ ఆగమాగం కాడు.


మిరియం_వాళ్ళమ్మ, మియాపూర్

టీచర్‌గారూ, బబ్లూ గురించి చదివి నిన్న రాత్రి మా ఆయనకి చూపించా. ఏమీ మాట్లాడకుండా లేచి కేజ్ ఒక పక్క పట్టుకున్నారు, ఇద్దరం కలిసి బెడ్‌రూమ్‌లోకి మార్చేశాం. అట్టపెట్టె పెట్టి దుప్పటి కప్పాం. పొద్దున్న చూస్తే పెట్టెలో ఉంది, కూర్చున్నట్టే కూర్చొని, చెవులు వెనక్కి వాల్చి, తోక పక్కకి చుట్టుకొని నిద్రపోతోంది. వారం తర్వాత దాని కళ్ళు మూసి ఉండగా చూడటం ఇదే.

రెండు డౌట్లు. ఒకటి, మా అపార్ట్‌మెంట్ కింద వినాయక మండపం పెడతారు, బోనాలప్పుడు డప్పులు, డీజే, దీపావళికి చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో ఏం చేయాలి? రెండోది, అస్తమానం లోపలే ఉంటే దానికి బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది, బయటికి తీసి చూడొచ్చా?


మల్కాజ్‌గిరి_చెక్కపని

శబ్దాల సంగతి నేను చెప్తా. మా వీధిలో బోనాలు ఘనంగా జరుగుతాయి, ఊరేగింపు మా గేటు ముందు నుంచే. ఆ రోజు పొద్దున్నే కేజ్‌ని రోడ్డుకి దూరంగా ఉన్న లోపలి గదిలోకి జరిపి, కిటికీలు మూసి, ఏసీ వేసి, గూడులో గడ్డి ఎక్కువ కూరుతా. మావి ఆ గడ్డిని గుమ్మం దగ్గరికి తోసుకొని తలుపేసుకున్నట్టు చేసుకుంటాయి. శబ్దం మొదలయ్యాక మాత్రం కేజ్ కదపొద్దు. ఓదార్చాలని ఎత్తుకోవద్దు, గదిలో మామూలుగా కూర్చొని మెల్లగా మాట్లాడండి చాలు. మరుసటి రోజు దాకా బయటికి రాకపోయినా కంగారు పడకండి, తింటోందా లేదా చూసుకుంటే సరిపోతుంది.


బోయిన్‌పల్లి_కుందేళ్ళు

నేను పెంచేది ఎక్కువగా కుందేళ్ళు, రెండేళ్ళుగా ఒక చించిల్లా కూడా ఉంది. మీ రెండో డౌటుకి చెప్తా.

గూట్లో ఉండగా చెయ్యి పెట్టి లాగొద్దు, ఇంట్లో పిల్లలకి కూడా గట్టిగా చెప్పండి. ఆ గూడు దానిది, అందులోకి ఎవరి చెయ్యీ రాదు అని దానికి నమ్మకం కుదరాలి. ఒక్కసారి లాగితే ఆ నమ్మకం పోతుంది, మళ్ళీ రావడానికి నెలలు పడుతుంది. శుభ్రం చేయాల్సి వస్తే సాయంత్రం అది తనంతట తాను బయటికొచ్చి ఆడుకుంటున్నప్పుడు చేయండి. గూడు మొత్తం ఒకేసారి కడిగేయొద్దు, దాని వాసన కొంచెం ఉండనివ్వండి, లేకపోతే కొత్తచోటు అనుకుంటుంది.

బాగుందో లేదో తెలియాలంటే వంటింటి తూకం మిషన్ ఒకటి కొనండి. వారానికోసారి ఒకే రోజు ఒకే టైముకి తూచి రాసి పెట్టుకోండి. ఎలా తూచాలంటే ఆ మిషన్ మీద డస్ట్ బాత్ గిన్నె పెట్టి సున్నా చేయండి, స్నానానికి అదే వచ్చి ఎక్కుతుంది, మీరు పట్టుకోనక్కర్లేదు. పెద్ద చించిల్లా మామూలుగా నాలుగొందల నుంచి ఆరొందల గ్రాములు, కొన్ని ఇంకొంచెం ఎక్కువ. అంకె ఎంతన్నది కాదు, వారం వారం పడిపోతుంటే చూసుకోవాలి. ఈ జంతువులు జబ్బు బయటికి కనపడనివ్వవు, మనకి కనిపించేసరికి చాలా ముదిరి ఉంటుంది, తూకం మాత్రం ముందే చెప్పేస్తుంది. సాయంత్రం దాని టైముకి బయటికి రాకపోయినా, ఇష్టమైన గడ్డి ముట్టకపోయినా, గడ్డం తడిగా ఉన్నా పొద్దున వెళ్దాంలే అనుకోకండి. కుక్కలు పిల్లులు చూసే డాక్టర్లందరికీ వీటి మీద చెయ్యి తిరిగి ఉండదు, ఇప్పుడే ఫోన్ చేసి చించిల్లాని చూస్తారా అని కనుక్కొని నంబర్ ఫ్రిజ్ మీద అతికించుకోండి.

అన్నట్టు డస్ట్ బాత్ గిన్నె రోజంతా కేజ్‌లో ఉంచకండి. దాక్కోడానికి వేరే చోటు లేకే అందులోకి దూరింది మీ మిరియం. వారానికి రెండు మూడు సార్లు, పది పదిహేను నిమిషాలు పెట్టి తీసేయాలి, ఎక్కువైతే చర్మం పొడిబారుతుంది, కళ్ళలో పడుతుంది.


నిజాంపేట్_నైట్‌షిఫ్ట్

టీచర్‌గారూ, చదివాను. నేను చెప్పింది తప్పు, హ్యామ్‌స్టర్‌కైనా సరే ఇంకెప్పుడూ ఎవరికీ ఆ సలహా ఇవ్వను. బబ్లూ విషయంలో చాలా బాధేసింది.


మిరియం_వాళ్ళమ్మ, మియాపూర్

మూడు వారాల తర్వాత అప్‌డేట్. అడిగినవాళ్ళకీ, మెసేజ్ చేసినవాళ్ళకీ అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా.

చెక్క డిపోలో కొనుక్కొని మా వీధి కార్పెంటర్‌తో చేయించాం. పెద్దాయన, ఎందుకమ్మా ఇంత చిన్న ఇల్లు అని అడిగారు, ఫోన్లో మిరియం ఫోటో చూపించా. ఆ తర్వాత ఆయనే గుమ్మం అంచు మూడుసార్లు రుద్ది, తన మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకొని, ఇంకో నాలుగు రుద్దులు రుద్ది ఇచ్చారు. మీరు చెప్పినట్టు పాలిష్ డబ్బా తీయబోయారు, వద్దన్నా. గ్రానైట్ ముక్కలు రెండు తెచ్చా, షాపతను డబ్బులు కూడా తీసుకోలేదు.

గూడు పెట్టిన మొదటి రోజు అస్సలు వెళ్ళలేదు, చుట్టూ తిరిగి వాసన చూసి అట్టపెట్టెలోకే వెళ్ళిపోయింది. రెండో రోజు ఆ పెట్టెలో అది పడుకున్న గడ్డి గుప్పెడు తీసి కొత్త గూట్లో వేశా, బోయిన్‌పల్లి వాళ్ళు వాసన గురించి చెప్పారు కదా అది గుర్తొచ్చి. ఆ రాత్రే దూరింది. ఇప్పుడు పక్క గుమ్మానికి గడ్డి అడ్డం పెట్టుకుంటుంది, ముందు గుమ్మం మాత్రం తెరిచే ఉంచుకుంటుంది. పైకప్పు ఒక మూల కొరకడం మొదలెట్టింది, చెక్కే కాబట్టి హాయిగా కొరుక్కోమని వదిలేశా.

థర్మామీటర్ మొన గూట్లో పెట్టాం. నిన్న మధ్యాహ్నం గోడ మీద 24 ఉంటే గూట్లో 26 చూపించింది, బండ మార్చి ఏసీలో డిగ్రీలు ఇంకొంచెం తగ్గించాక అరగంటకి 23కి వచ్చింది. టీచర్‌గారూ, మీరు చెప్పకపోతే నేను గోడ మీద అంకె చూసి నిశ్చింతగా ఉండేదాన్ని.

మా ఆయన ఇప్పుడు రోజూ ఏడింటికి కేజ్ ముందు నేల మీద కూర్చుంటున్నారు, చెయ్యి చాపకుండా ఊరికే. నాలుగు రోజుల క్రితం ముందు గుమ్మంలోంచి మొదట మీసాలు, తర్వాత ముక్కు బయటికొచ్చాయి, కాసేపు అలాగే ఆగి, లోపలికెళ్ళి, మళ్ళీ వచ్చింది. మొన్న వచ్చి ఆయన ప్యాంటు అంచు వాసన చూసి ఒక్క పరుగున గూట్లోకి. నిన్న మోకాలెక్కి కూర్చుంది. అత్తయ్యగారు గుమ్మం దగ్గరే నిలబడి ఊపిరి బిగబట్టి చూశారు.

ఆదివారం తూకం 518 గ్రాములు, పోయిన వారం 511. కార్వాన్ తమ్ముడూ, కుండ కోసం రేపు వెళ్తున్నాం, మూతి కొలవడానికి టేపు బ్యాగులో పెట్టుకున్నా.